చీటీలో టెట్రాసైక్లిన్ రాశారు, ఊర్లో ఎక్కడా లేదు: హెచ్.పైలోరీ కోర్సు మందులు మొత్తం సంపాదించే దారి

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ మా బాపుకు చీటీ రాసిచ్చాడు. ఆ ఆసుపత్రి కిందనే ఉన్న ఫార్మసీలో నాలుగు రకాల మందుల్లో మూడు కవర్లో వేసి, నాలుగో దాని పక్కన పెన్నుతో చిన్న గీత పెట్టి, "ఇదొక్కటి స్టాక్ లేదు సార్, మామూలు గోలీనే, మీ వరంగల్‌ల ఏ షాపులనన్నా దొరుకుతది" అన్నాడు కౌంటర్ మీదున్న పిలగాడు. నమ్మి రైలెక్కాం. కాజీపేటలో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మర్నాడు పొద్దున మొదలుపెడితే ఆ మామూలు గోలీ సరిపడా చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు తెలిసిన సంగతులు అప్పుడే తెలిసుంటే మూడు రోజుల్లో అయిపోయే పని.

ఆ మందు టెట్రాసైక్లిన్. కడుపులో హెచ్.పైలోరీ ఉందని తేలి, మొదటిసారి వాడిన కిట్టు పనిచేయనివాళ్లకు, ఈ మధ్య మొదటిసారి వాడేవాళ్లకు కూడా, డాక్టర్లు నాలుగు మందుల కోర్సు రాస్తున్నారు. అందులో మిగతా మూడు చాలావరకు దొరుకుతాయి, ఇదే చుక్కలు చూపిస్తుంది.

ఎందుకు దొరకదో ముందు తెలుసుకోండి, వెతకడం సులువవుతుంది

హెచ్.పైలోరీ అంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. కడుపు గోడ మీద ఉండే జిగురు పొరలో దాక్కుంటుంది, యూరియేజ్ అనే ఎంజైముతో అమ్మోనియా తయారు చేసుకుని తన చుట్టూ ఉన్న యాసిడ్‌ను చల్లార్చుకుంటుంది. అందుకే అంత యాసిడ్‌లోనూ ఏళ్లకేళ్లు బతుకుతుంది. 1984లో బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ ఈ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి దీన్ని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. అంతకుముందు అల్సర్ అంటే టెన్షన్, కారం అనేవాళ్లు. మా ఇంట్లో ఇప్పటికీ అదే మాట. అమ్మ ఆరు నెలల పాటు బాపును పచ్చిమిరపకాయ ముట్టనివ్వలేదు, పాపం ఆయన చప్పిడి పప్పు తిన్నాడు, మంట మాత్రం తగ్గలేదు.

ఇన్నాళ్లూ మన దగ్గర ఎక్కువగా రాసింది మూడు మందుల కిట్టు: గ్యాస్ గోలీ ఒకటి (పాంటాప్రజోల్ లాంటిది, కడుపులో యాసిడ్ తగ్గించేది), క్లారిత్రోమైసిన్, దాంతో అమాక్సిసిలిన్ గానీ టినిడజోల్ గానీ. క్లారిత్రోమైసిన్‌కు బ్యాక్టీరియా మొండికేసినచోట ఈ కిట్టు ఫెయిలవుతుంది. అప్పుడు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, గ్యాస్ గోలీ కలిపి పద్నాలుగు రోజులు వాడతారు. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ) కూడా 2024 మార్గదర్శకాల్లో ఈ నాలుగు మందుల కోర్సునే మొదటి వరసలో పెట్టింది.

ఇక టెట్రాసైక్లిన్ సంగతి. పాత మందు, చవక మందు, రోజుకు నాలుగుసార్లు మింగాలి. డాక్సీసైక్లిన్ వచ్చాక రోజుకు ఒకటి రెండుతో పనైపోతోంది కాబట్టి జ్వరాలకు, మొటిమలకు, దేనికైనా డాక్సీనే రాస్తున్నారు. ఎవరూ రాయని మందును ఏ షాపువాడు పెడతాడు? పెడితే ఎక్స్‌పైరీ అయ్యేదాకా అలమరలోనే ఉంటుంది. అంటే సమస్య ఏమిటంటే మందు లేకపోవడం కాదు, మీ ఎదురుగా ఉన్న షాపులో లేకపోవడం. షాపువాడిని "ఉందా" అని అడిగితే "లేదు" అంటాడు, అక్కడితో కథ అయిపోతుంది. "తెప్పిస్తారా" అని అడగాలి.

చీటీ పట్టుకుని ఇంట్లో కూర్చోండి, లెక్క కట్టండి

బయటికి వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. చీటీ మీద ఏం రాసుందో మందు మందుకూ విడిగా ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి: మందు అసలు పేరు (షాపువాళ్లు సాల్ట్ అంటారు), ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు. బ్రాండ్ పేరు రాసుంటే దాని పక్కన సాల్ట్ పేరు కూడా రాయించుకోండి, డాక్టర్ దగ్గర ఉన్నప్పుడే అయితే మరీ మంచిది.

మా బాపు చీటీ లెక్క ఇది. టెట్రాసైక్లిన్ 500, రోజుకు నాలుగు, పద్నాలుగు రోజులకు 56. బిస్మత్ 120, నాలుగు పూటలా, మళ్లీ 56. మెట్రోనిడజోల్ 400, మూడు పూటలా, 42. గ్యాస్ గోలీ పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, 28. మొత్తం 182, అంటే రోజుకు పదమూడు. మీ చీటీలో డోసులు వేరుగా ఉండొచ్చు, మీది ఏదైతే అదే లెక్క కట్టుకోండి, నాది చూసి కాదు. టెట్రాసైక్లిన్ 500 దొరక్క 250 దొరికితే 56 బదులు 112 కావాలి, డాక్టర్‌ను ఒకమాట అడిగి తీసుకోవచ్చు, కానీ లెక్క ముందే తెలియకపోతే షాపువాడు ఆరు స్ట్రిప్పులు ఇస్తే సరిపోయిందనుకుని ఇంటికొస్తారు.

పేర్లు కూడా తెలిసుండాలి. టెట్రాసైక్లిన్‌కు ఎక్కువమంది షాపువాళ్లకు గుర్తున్న బ్రాండ్ రెస్టెక్లిన్. బిస్మత్‌కు ట్రైమో. మెట్రోనిడజోల్ అంటే ఫ్లాజిల్, మెట్రోజిల్, ఇది ఏ కిరాణా కొట్టు పక్కన ఉన్న మెడికల్ షాపులోనైనా ఉంటుంది. బిస్మత్ కూడా అన్నిచోట్లా ఉండదు, అందుకే దాన్ని కూడా "దొరకని మందు" లిస్టులోనే వేసుకుని మొదలుపెట్టండి.

పైలెరా అని మూడు మందులు ఒకే క్యాప్స్యూల్‌లో కలిపింది అమెరికాలో అమ్ముతారు. ఫోన్‌లో చదివి దాని కోసం ఇక్కడ తిరగొద్దు. అందులో ఉన్నవి కూడా బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లినే.

ఆగడం వల్ల నష్టం లేదు, సగంతో మొదలుపెడితే ఉంది

నేను చేయబోయి ఆగిన తప్పు ఇదే. మూడు రకాలు చేతిలో ఉన్నాయి, రెండో రోజు హనుమకొండలో ఒక పాత షాపులో టెట్రాసైక్లిన్ రెండు స్ట్రిప్పులు దొరికాయి, ఇరవై గోలీలు, అంటే ఐదు రోజులకు. "మొదలువెడుదాం, మిగతాయి దొరుకుతయి కదా" అన్నాడు బాపు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే గట్టిగా వద్దన్నాడు. ఐదు రోజులు వాడి ఆగిపోతే చావాల్సిన బ్యాక్టీరియా చావదు, పైగా ఆ మందులకు అలవాటు పడుతుంది, తర్వాత వాడటానికి మిగిలేవి తక్కువ.

ఈ బ్యాక్టీరియా మన కడుపులో చేరింది మొన్న కాదు, చాలామందికి చిన్నతనంలోనే వస్తుంది. ఇన్నేళ్లు ఉన్నది ఇంకో వారం ఉంటుంది. ఈలోపు మంటకు గ్యాస్ గోలీ వాడుకోవచ్చా అని డాక్టర్‌ను అడిగితే చెప్తాడు. అయితే ఒక హెచ్చరిక: రక్తం వాంతి అయినా, దొడ్డికి తారు లాగా నల్లగా జిగటగా వెళ్లి కళ్లు తిరుగుతున్నా ఇది మందులు వెతికే సమయం కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కాబట్టి రూల్ ఒక్కటే: నాలుగు రకాలూ, పద్నాలుగు రోజులకూ, గోలీ గోలీ లెక్కపెట్టి టేబుల్ మీద పెట్టాకే మొదటి గోలీ.

వెతకడం: కాళ్లతో కాదు, ఫోన్‌తో

మొదటి రోజు నేను బండి మీద తిరిగాను. ఎం.జి.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి ఎదురు వరస, వరంగల్ చౌరస్తా, హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్టలో ఆసుపత్రుల పక్కన ఉన్నవి, మొత్తం పంతొమ్మిది షాపులు. ఏప్రిల్ ఎండ. పద్నాలుగో షాపులో ఒకాయన ఉత్సాహంగా లోపలికెళ్లి తెచ్చిచ్చింది చూస్తే కంటికి రాసే టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ ట్యూబు. ఇంకోచోట, "పశువుల మందుల షాపుల అడుగన్నా, అండ్ల ఉంటది" అన్నారు. పశువులకు వాడేది ఆక్సీటెట్రాసైక్లిన్, అది వేరే మందు, డోసు వేరు, మనుషులకు చేసింది కాదు. మా ఊర్లో బర్రెలు ఉన్నవాళ్లకు ఆ డబ్బా బాగా తెలుసు కాబట్టి చెప్తున్నా, దాని జోలికి పోవద్దు.

ఇలా చేయండి. చీటీని మంచి వెలుతురులో ఫోటో తీయండి, నాలుగు మూలలూ కనిపించాలి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ చదవగలిగేలా ఉండాలి. మీకు తెలిసిన ఐదారు షాపుల వాట్సాప్ నంబర్లు తీసుకుని ఫోటోతో పాటు ఇలాంటి మెసేజ్ పెట్టండి:

"నమస్తే అన్నా. టెట్రాసైక్లిన్ 500 క్యాప్స్యూల్స్ 56 కావాలి, డాక్సీ వద్దు. స్టాక్ లేకపోతే మీ స్టాకిస్టు దగ్గర ఉందేమో కనుక్కోండి. అడ్వాన్సు ఇస్తా, మొత్తం నేనే తీసుకుంటా."

ఈ నాలుగు ముక్కల్లో ప్రతిదానికీ పనుంది. ఎన్ని కావాలో చెప్తే వాడు ఒక స్ట్రిప్పు చూపించి పంపించడు. డాక్సీ వద్దని ముందే చెప్తే మాట పెరగదు. ఆఖరి రెండూ ఎందుకో కింద చెప్తా.

ఆన్‌లైన్ కూడా అదే రోజు చూడండి. టాటా 1ఎంజీ, ఫార్మ్‌ఈజీ, అపోలో 24/7, నెట్‌మెడ్స్, మెడ్‌ప్లస్, ఏదైనా సరే సాల్ట్ పేరుతో వెతకండి, మీ పిన్‌కోడ్ కొట్టండి. హనుమకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003, మూడూ మార్చి మార్చి చూడండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో చూపించవచ్చు. తర్వాత హైదరాబాద్‌లో మీ చుట్టాల పిన్‌కోడ్ కొట్టి చూడండి. అక్కడ ఉంటే వాళ్ల ఇంటికి తెప్పించి అక్కడి నుంచి మీరు తెచ్చుకోవచ్చు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త: నాలుగు మందులూ ఒకే ఆర్డర్‌లో పెడితే దొరికే మూడు పంపించి నాలుగోది క్యాన్సిల్ చేస్తారు, డబ్బులు వెనక్కి వస్తాయి గానీ మీకు మిగిలేది మళ్లీ ఆ మూడే. టెట్రాసైక్లిన్ ఒక్కదాన్నే ఆర్డర్ పెట్టండి, అది చేతికొచ్చాక మిగతావి.

జన ఔషధి కేంద్రాల్లో మెట్రోనిడజోల్, పాంటాప్రజోల్ లాంటివి బాగా తక్కువకు వస్తాయి. జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో, మందు వాళ్ల లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. లిస్టులో ఉన్నంత మాత్రాన ఆ కేంద్రంలో ఉన్నట్టు కాదు, ఫోన్ చేసి వెళ్లండి. ఎం.జి.ఎం.లో ఓపీ చీటీ మీద చూపించుకుంటే అక్కడి ఫార్మసీలో ఉన్న మందులు ఉచితం. డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్లు మామూలు మందులకు ఇంత దారి ఉందని మర్చిపోవద్దు.

స్టాకిస్టు దారి, అసలు పని జరిగేది ఇక్కడే

మందుల కంపెనీ నుంచి మందు ముందు స్టాకిస్టుకు, అంటే హోల్‌సేల్ ఏజెన్సీకి వస్తుంది, అక్కడి నుంచి మెడికల్ షాపుకు. ఏజెన్సీ వాళ్లు మీకు నేరుగా అమ్మరు, వాళ్ల లైసెన్సు షాపులకు అమ్మడానికి. కౌంటర్ దగ్గరికెళ్లి బతిమాలినా లాభం లేదు, నేను బతిమాలి చూశాను. "మీ షాపాయనతోని ఆర్డర్ పెట్టించుండ్రి" అన్నారు. అంటే మధ్యలో ఒక షాపు యజమాని మీ కోసం ఫోన్ చేయాలి.

ఆయన ఎందుకు చేయడంటే, ఏజెన్సీ సాధారణంగా స్ట్రిప్పుల లెక్కన కాదు, బాక్సు లెక్కన ఇస్తుంది. మీకు కావాల్సింది ఆరు స్ట్రిప్పులు, బాక్సులో పది ఉంటే మిగిలిన నాలుగు ఆయన నెత్తిన పడతాయి. ఎవరూ కొనరు, ఎక్స్‌పైరీ అవుతుంది. ఇది ఆయన మొహం మీద చెప్పడు, "లేదు" అంటాడు అంతే. అందుకే "మొత్తం నేనే తీసుకుంటా, ఇదిగో అడ్వాన్సు" అనగానే లేదన్న మందు మూడు రోజుల్లో వస్తుంది. చవక మందు కాబట్టి బాక్సు మొత్తం తీసుకున్నా జేబుకు పెద్ద చిల్లు పడదు.

మీరు ఎప్పుడూ బీపీ, షుగర్ గోలీలు తీసుకునే షాపు ఏదుందో ఆయనే ఇలాంటి పనికి సరైన మనిషి. పెద్ద చైన్ షాపుల్లో కౌంటర్ మీద ఉన్న పిల్లలు కంప్యూటర్‌లో చూసి చెప్తారు, అందులో లేకపోతే వాళ్లు చేసేది తక్కువ. అయితే అదే కంప్యూటర్‌లో వాళ్ల వేరే బ్రాంచీల స్టాక్ కూడా కనిపించవచ్చు, "వేరే బ్రాంచీలో చూడు తమ్మీ" అని గుర్తుచేయాలి.

ఇంకో చిట్కా. మీ డాక్టర్ దగ్గరికి ఎం.ఆర్.లు (మందుల కంపెనీ ప్రతినిధులు) వస్తుంటారు కదా, బ్యాగు పట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆ మందు తయారుచేసే కంపెనీ ఎం.ఆర్. నంబరు డాక్టర్ దగ్గర కాంపౌండర్‌కు తెలిసుండొచ్చు. ఏ ఏజెన్సీలో ఎంత స్టాక్ ఉందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మాకు చివరికి దారి చూపింది అలాంటి ఒక ఎం.ఆరే. వేరే కంపెనీ ఆయన, అయినా తన దోస్తుకు ఫోన్ చేసి "హైదరాబాద్ ఏజెన్సీల ఉన్నది, మీ షాపాయన పేరు మీద బిల్లు కొట్టిపిస్త" అన్నాడు.

హైదరాబాద్ నుంచి తెప్పించడం

మీరు హైదరాబాద్‌లో చూపించుకుంటే మందులు మొత్తం అక్కడే కొని, లెక్కపెట్టుకుని బయల్దేరండి. ఆ డాక్టర్ రాసే మందులు ఆ చుట్టుపక్కల షాపుల్లో ఉంటాయి, ఎందుకంటే రోజూ ఆ చీటీలే వస్తాయి వాళ్లకు. ఒక ఫార్మసీలో లేకపోతే రోడ్డు దాటి ఇంకోదాంట్లో అడగండి, రైలు తప్పిపోయినా పర్లేదు. నేను ఆ పని చేయలేదు, తొమ్మిది రోజులు తిరిగాను.

ఇప్పటికే ఇంటికి వచ్చేసుంటే అక్కడ ఎవరున్నా సరే, చీటీ ఫోటో పంపించి కోఠి వైపు వెళ్లమనండి. మందుల హోల్‌సేల్ షాపులు అక్కడ గుంపుగా ఉంటాయి, పక్కన రిటైల్‌గా ఇచ్చేవీ ఉంటాయి. మా చిన్నమ్మ కొడుకు ఉప్పల్‌లో ఉంటాడు, ఎం.ఆర్. చెప్పిన మందు వాడే తీసుకుని, బిల్లుతో సహా చిన్న అట్టపెట్టెలో పెట్టి టేపు చుట్టి, ఆర్టీసీ కార్గోలో వేశాడు. సాయంత్రం వేస్తే మర్నాడు పొద్దున హనుమకొండ బస్టాండులో కార్గో కౌంటర్ దగ్గర తీసుకున్నాను. పెట్టె మీద "మందులు, ఎండకు పెట్టొద్దు" అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయించండి. ఎండాకాలంలో బస్సు డిక్కీలో, బండి సీటు కింద మందులు మగ్గిపోతాయి, టెట్రాసైక్లిన్‌కు వేడీ చెమ్మా రెండూ పడవు.

"డాక్సీ తీస్కపో అన్నా, రెండూ ఒక్కటే"

ఈ మాట మీరు కనీసం నాలుగు షాపుల్లో వింటారు. మంచితనంతోనే అంటారు, నిజమే, రెండూ ఒకే కుటుంబం మందులు. కానీ హెచ్.పైలోరీ విషయంలో డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ అంత బాగా పనిచేయదని పరిశోధనల్లో తేలింది, అందుకే డాక్టర్ పనిగట్టుకుని పాత మందు రాశాడు. ఇంకో సంగతి, ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సినవి. డ్రగ్స్ రూల్స్, 1945 ప్రకారం చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు బదులు షాపువాడు తన ఇష్టంతో ఇంకోటి ఇవ్వకూడదు. మార్చాలంటే డాక్టరే మార్చాలి, కొత్త చీటీ మీద.

దానికి గొడవ అక్కర్లేదు. "డాక్టర్‌ను అడిగి వస్తా" అనండి, వచ్చేయండి.

వారం దాటినా దొరకలేదంటే

డాక్టర్‌కు ఫోన్ చేయండి లేదా మెసేజ్ పెట్టండి. "దొరకట్లేదు సార్" అని మాత్రమే చెప్తే "ఇంకో చోట చూడండి" అంటారు. ఎక్కడెక్కడ అడిగారో, ఏజెన్సీలో కూడా లేదన్నారో, ఎన్ని గోలీలు దొరికాయో చెప్పండి, ఇంతకుముందు జీవితంలో వాడిన యాంటీబయాటిక్స్ గుర్తున్నంత వరకు చెప్పండి. డాక్టర్ దగ్గర వేరే దారులు ఉంటాయి: టెట్రాసైక్లిన్ స్థానంలో అమాక్సిసిలిన్, కొందరికి మినోసైక్లిన్, కొందరికి లెవోఫ్లాక్సాసిన్‌తో కోర్సు. ఏది ఎవరికి సరిపోతుందో పాత మందుల చరిత్రను బట్టి ఉంటుంది. పెన్సిలిన్ అలర్జీ ఉంటే అమాక్సిసిలిన్ పనికిరాదు, అది ముందే చెప్పండి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ రాయరు సాధారణంగా. మీ ఇంట్లో అలాంటివాళ్లకు రాసి ఉంటే వెతకకముందే డాక్టర్‌ను అడగండి. రక్తం పలచబడే గోలీలు వాడేవాళ్లు కూడా ఆ విషయం చెప్పాలి, మెట్రోనిడజోల్ వాటి పవర్‌ను పెంచుతుంది.

చేతికొచ్చాక చూడాల్సినవి

మా ఇంట్లో పాత పేపరు పరిచి, స్ట్రిప్పులన్నీ బోర్లా పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని అమ్మ ఒక్కోదాని ఎక్స్‌పైరీ చదివింది. మొదట దొరికిన ఆ రెండు స్ట్రిప్పుల్లో ఒకదానికి అంచు కత్తిరించి ఉంది, తేదీ ఉండాల్సిన చోట కత్తెర పడింది. ఇంకోదానికి రెండు నెలల్లో అయిపోతుంది, అది పర్లేదు, కోర్సు పద్నాలుగు రోజులే కదా. తేదీ లేనిదాన్ని వెనక్కి ఇచ్చేశాను. టెట్రాసైక్లిన్ విషయంలో ఇది చాదస్తం కాదు: పాతబడి పాడైన టెట్రాసైక్లిన్ మింగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 1960లలోనే డాక్టర్లు రాసిపెట్టారు. దొరకని మందు కాబట్టి పాత స్టాక్ అంటగట్టే అవకాశం ఎక్కువ, మనం కూడా దొరికిందే చాలనుకుని చూడం.

బిల్లు తప్పకుండా తీసుకోండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ బిల్లు మీదా స్ట్రిప్పు మీదా ఒకటే ఉన్నాయో చూడండి. స్ట్రిప్పు మీద ముద్రించిన ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ అడిగినా, మందు మీద అనుమానం వచ్చినా తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969 ఉంది.

మింగేటప్పుడు, ఇంత కష్టపడి తెచ్చింది వేస్టు కాకుండా

టైము చీటీలో ఉన్నట్టే. ఎక్కువగా గ్యాస్ గోలీని టిఫిన్‌కు, రాత్రి అన్నానికి అరగంట ముందు, మిగతావి తిండి తర్వాత, నాలుగో డోసు పడుకునే ముందు రాస్తారు.

మన ఇళ్లలో అసలు సమస్య పాలు. టెట్రాసైక్లిన్ పాలతో, పెరుగుతో, కాల్షియం, ఐరన్ గోలీలతో, జెలుసిల్ లాంటి యాంటాసిడ్‌తో కలిస్తే ఒంటికి పట్టదు. ఈ రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. చెప్పడం సులువే, పొద్దున గోలీ వేసుకుని వెంటనే చాయ్ తాగకుండా బాపును ఆపడం ఎంత కష్టమో మా అమ్మను అడగాలి. చివరికి చాయ్‌ను పదిన్నరకు, పెరుగన్నాన్ని సాయంత్రం నాలుగింటికి మార్చాం. ఇంట్లో ఎవరికైనా రక్తహీనత గోలీలు నడుస్తుంటే వాటిని ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌తో మాట్లాడుకోండి. చీటీలో ఉన్న బిస్మత్ గురించి కంగారుపడకండి, ఆ కోర్సులో బిస్మత్‌నూ టెట్రాసైక్లిన్‌నూ కలిపే వాడతారు.

పడుకునే ముందు డోసు మాత్రం గుటక నీళ్లతో వేసుకుని మంచం మీద వాలొద్దు. నిండు గ్లాసు నీళ్లు, తర్వాత అరగంట కూర్చోవాలి. ఆ క్యాప్స్యూల్ గొంతు కింద అంటుకుంటే అక్కడ పుండు పడుతుంది.

కల్లు, సారా, బీరు ఏదైనా మెట్రోనిడజోల్ నడిచినన్ని రోజులు, ఆపాక ఇంకో మూడు రోజులు వద్దని చెప్తారు. తాటికల్లు మందులాంటిదే అనే మామలు మనకు ఊరికొకరు ఉంటారు, వాళ్లు వచ్చే దావత్‌కు ఆ రెండు వారాలు వెళ్లకపోవడమే మంచిది. ఎండలో పొలం పని ఉన్నవాళ్లు తల మీద తువ్వాల, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, టెట్రాసైక్లిన్ వాడుతుంటే చర్మం తొందరగా కమిలిపోతుంది.

నాలుక నల్లబడుతుంది, దొడ్డి నల్లగా వస్తుంది, అది బిస్మత్ పని. నోట్లో ఇనుము నాకినట్టు చేదు, అది మెట్రోనిడజోల్ పని. ఇవి రెండూ కోర్సు అయ్యాక పోతాయి. ఒళ్లంతా దద్దుర్లు, ఆగని విరేచనాలు, తట్టుకోలేని తలనొప్పి అయితే డాక్టర్‌కు ఫోన్. మా బాపు ఆరో రోజు "ఇగ నాతోని కాదు" అని గోలీల డబ్బా పక్కకు నెట్టేశాడు. అమ్మ ఆ పూట ఏమీ అనలేదు, రేపటి పదమూడు గోలీలు టిఫిన్ బాక్సు మూతలో నాలుగు కుప్పలుగా పోసి ఆయన ముందు పెట్టింది. వేసుకున్నాడు.

పోయిందో లేదో టెస్టు

మంట తగ్గింది కదా అని వదిలేయొద్దు, మంట తగ్గడం వేరు, బ్యాక్టీరియా పోవడం వేరు. కోర్సు అయిపోయిన నాలుగు వారాల తర్వాత యూరియా శ్వాస పరీక్ష గానీ మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించాలి. టెస్టుకు ముందు రెండు వారాలు గ్యాస్ గోలీ ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. ఆపొచ్చా అని డాక్టర్‌ను అడిగి ఆపండి. రక్తపరీక్షలో చూసే యాంటీబాడీ టెస్టు ఈ పనికి రాదు, బ్యాక్టీరియా పోయినా యాంటీబాడీలు చాలాకాలం ఉంటాయి. ల్యాబువాళ్లు "హెచ్.పైలోరీ టెస్టు" అనగానే అదే రాసే ప్రమాదం ఉంది, చీటీలో "స్టూల్ యాంటిజెన్" అని రాయించుకుని వెళ్లండి.

శ్వాస పరీక్ష అన్ని ల్యాబుల్లో ఉండదు, మలం టెస్టుకైతే శాంపిల్ తీసుకుని హైదరాబాద్ పంపించే కలెక్షన్ సెంటర్లు వరంగల్‌లో ఉన్నాయి. శాంపిల్ ఎన్ని గంటల్లోపు ఇవ్వాలో, వాళ్ల బండి ఏ టైముకు బయల్దేరుతుందో ముందు రోజే కనుక్కోండి. మేం శనివారం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్తే "సోమవారం పొద్దున తాజాగా తెండ్రి" అని తిప్పి పంపారు. సోమవారం ఇచ్చాం, గురువారం రిపోర్టు ఫోన్‌కు వచ్చింది, నెగెటివ్. ఆ రాత్రి అమ్మ పచ్చిమిరపకాయ తొక్కు నూరింది.